జుట్టు సంరక్షణ ఎలా? మాడుకు ఒక పద్ధతి, కొసలకు ఇంకో పద్ధతి

జుట్టు నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆ లెక్కన 60 సెంటీమీటర్ల జుట్టున్నవాళ్ల కొసలకు ఐదేళ్ల వయసు. ఈ ఐదేళ్లలో తగిలిన ఎండ, దువ్వెన రాపిడి, డ్రయ్యర్ వేడి, రంగు, అన్నిటి దెబ్బా ఆ కొసల మీదే ఉంటుంది. కుదురు దగ్గరి భాగం మాత్రం నిన్నమొన్న బయటికొచ్చింది. ఈ రెంటికీ ఒకే వైద్యం చేయడం వల్లే చాలామంది జుట్టు పాడవుతుంది. షాంపూ కొసల దాకా రుద్దుతారు, కండిషనర్ మాడుకు పట్టిస్తారు, నూనె తలంతా దిమ్మరిస్తారు.

మాడు బతికున్న చర్మం. చెమట, జిడ్డు అక్కడే ఊరతాయి కాబట్టి దానికి కావలసింది శుభ్రత. బయటికి కనిపించే వెంట్రుక కెరాటిన్ అనే ప్రోటీన్‌తో అల్లుకున్న ప్రాణం లేని పోగు. దెబ్బ తగిలితే తనంతట తాను మానదు, అందుకే దాన్ని మొదటి నుంచీ కాపాడుకోవాలి. కింద చెప్పే పద్ధతులన్నిటికీ మూలం ఇదే.

ముందు రాలిన వెంట్రుకను పరీక్షగా చూడండి

షాంపూ మార్చేముందు, నూనె కొనేముందు ఒక పని చేయండి. దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకల్లోంచి పది తీసి, మంచి వెలుతురులో ఒక్కోదాని రెండు చివరలూ చూడండి. ఒక చివర సూదిమొనంత తెల్లటి బుడిపె కనిపిస్తే, అది ఆయుష్షు తీరి కుదురు నుంచి ఊడిన వెంట్రుక. రోజుకు 50 నుంచి 100 దాకా ఇలా ఊడడం మామూలే. మూడు రోజులకోసారి తలస్నానం చేసేవాళ్లకు ఆ మూడు రోజులవీ ఒకేసారి చేతికొస్తాయి. ఆ గుప్పెడు చూసి గాభరా పడనక్కర్లేదు.

రెండు చివరలా బుడిపె లేకుండా, ముక్కలు ముక్కలుగా, పొట్టిగా ఉంటే అది ఊడింది కాదు, మధ్యలో తెగింది. కుదుళ్లకు ఎన్ని మందులు పూసినా ఈ తెగడం ఆగదు. దువ్వే తీరులోనో, వేడిలోనో, బిగించి కట్టడంలోనో కారణం ఉంటుంది. ‘జుట్టు రాలిపోతోంది’ అని బాధపడేవాళ్లలో కొందరిది నిజానికి ఈ రెండో రకం.

తలస్నానం ఎన్ని రోజులకోసారి?

మాడు చెప్పినట్టు వినాలి, క్యాలెండర్ చెప్పినట్టు కాదు. స్నానం చేసిన మర్నాడు సాయంత్రం పాపిడి మీద టిష్యూ కాగితం అద్దండి. జిడ్డు మరక పడితే మీకు రోజు విడిచి రోజు, అవసరమైతే రోజూ షాంపూ కావాలి. మూడో రోజుకు గానీ మరక పడకపోతే వారానికి రెండుసార్లు చాలు. రింగుల జుట్టువాళ్లకు వారానికోసారి సరిపోవచ్చు. మాడులో ఊరిన జిడ్డు ఆ మెలికలు దాటి కొసల దాకా దిగదు కాబట్టి వాళ్ల జుట్టు త్వరగా పొడిబారుతుంది.

రోజూ షాంపూ పెడితే జిడ్డు ఇంకా ఎక్కువ ఊరుతుందన్న మాట వింటుంటాం. జిడ్డు గ్రంథులను నడిపేవి ప్రధానంగా హార్మోన్లు. ఎన్నిసార్లు కడిగారన్నది వాటికి పట్టదు.

తలస్నానం వరస

1. జుట్టు పొడిగా ఉండగానే చిక్కు తీయండి. చిక్కుతో తడిపితే ముడులు బిగుసుకుంటాయి. రింగుల జుట్టువాళ్లు దీన్ని వదిలేసి, కండిషనర్ వేశాక తీసుకోవడం మేలు.

2. గోరువెచ్చటి నీళ్లతో కనీసం ఒక నిమిషం తడపండి. పైపైన తడిపి షాంపూ వేస్తే నురగ రాదు. నురగ రాలేదని ఇంకాస్త వేస్తారు, చివరికి అది సరిగా వదలదు.

3. పొట్టి జుట్టుకు ఒక టీస్పూన్, అంటే 5 మి.లీ. షాంపూ చాలు. భుజాల దాకా ఉంటే రెండు, ఇంకా పొడుగైతే మూడు. దానికి రెండింతలు నీళ్లు కలిపి పలచన చేసుకుంటే మాడంతా సమంగా అంటుతుంది.

4. నుదుటి అంచు, రెండు చెవుల పైన, నడినెత్తి, మెడ వెనక వేరువేరుగా పెట్టండి. నడినెత్తిన ఒక్కచోట పోసి రుద్దితే మెడ వెనక భాగం ప్రతిసారీ మిగిలిపోతుంది. దురద మొదలయ్యేది కూడా చాలాసార్లు అక్కడే.

5. గోళ్లతో గీరకుండా వేళ్ల కొనలతో ఒక నిమిషం రుద్దండి. పొడుగు జుట్టును నెత్తిమీద పోగేసి నలపకండి, కిందికి వేలాడనివ్వండి. కడిగేటప్పుడు జారే నురగే కొసలకు సరిపోతుంది.

6. రెండు నిమిషాలు కడగండి. చెవుల వెనక, మెడ మీద వేలు పెట్టి చూసుకోండి, జారుడుగా తగిలితే ఇంకా షాంపూ ఉన్నట్టే. మిగిలిపోయిన షాంపూ ఎండి తెల్లగా రాలుతుంది. దాన్ని చుండ్రనుకుని మందు షాంపూలు కొనేవాళ్లున్నారు.

7. నూనెగానీ జెల్‌గానీ పెట్టుకుని ఉంటేనే రెండోసారి షాంపూ, అదీ మొదటిసారి వేసినదాంట్లో సగం.

8. జుట్టులోని నీళ్లు పిండి, అప్పుడు కండిషనర్ వేయండి. నీళ్లు కారుతుండగా వేస్తే అది జుట్టుకు పట్టకుండా జారిపోతుంది. చెవుల కింది నుంచి కొసల దాకా పట్టించి, రెండు మూడు నిమిషాలు ఉంచి కడిగేయండి. మాడుకు తగలనివ్వకండి. సన్నటి జుట్టయితే కుదుళ్ల దగ్గర అణిగిపోయి పలచగా కనిపిస్తుంది.

కండిషనర్ అక్కర్లేదనుకునేవాళ్లకు ఒక మాట. వెంట్రుక పైపొర ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరిచిన పొలుసులతో ఉంటుంది. అరిగిన చోట పొలుసు లేచి, అక్కడ రుణావేశం పెరుగుతుంది. కండిషనర్‌లో ధనావేశమున్న పదార్థాలుంటాయి కాబట్టి అవి సరిగ్గా అరిగిన చోట్లకే ఎక్కువగా అతుక్కుని రాపిడి తగ్గిస్తాయి. మరమ్మతు చేయవు గానీ, వచ్చే వారం రోజుల దువ్వెన దెబ్బ నుంచి కాపాడతాయి.

ఒంటి సబ్బు తలకు వద్దనేదీ ఈ పొలుసుల వల్లే. మాడు పీహెచ్ 5.5 దరిదాపుల్లో ఉంటే మామూలు సబ్బుది 9 నుంచి 10. ఆ క్షారానికి వెంట్రుక ఉబ్బి, పొలుసులు లేచి, ఒకదానికొకటి పట్టుకుని చిక్కుపడతాయి. పైగా నీళ్లు కఠినమైనవైతే వాటిలోని కాల్షియం సబ్బుతో కలిసి తెట్టులా పేరుకుంటుంది. కఠిన జలాలతో జుట్టు గరుకుగా, కాంతి లేకుండా మారితే ఈడీటీఏ లాంటి పదార్థమున్న, పేరుకున్నదాన్ని వదిలించే షాంపూ నెలకు ఒకటి రెండుసార్లు వాడండి. అంతకుమించి వాడితే పొడిబారుతుంది. సల్ఫేట్ (జిడ్డును గట్టిగా వదిలించే, నురగ తెచ్చే పదార్థం) లేని షాంపూ అందరికీ అవసరం లేదు. రంగు వేసుకున్నవాళ్లకూ బాగా పొడిబారిన జుట్టుకూ అది నయం.

తడి జుట్టు జోలికి తొందరపడి పోకండి

తడిసిన వెంట్రుక లోపలి హైడ్రోజన్ బంధాలు విడిపోయి ఉంటాయి. అందుకే రబ్బరులా సాగుతుంది. దాదాపు 30 శాతం మించి సాగదీస్తే మళ్లీ పాత స్థితికి రాదు. తువ్వాలుతో తల విదిలించి రుద్దడం, తడి జుట్టును బిగించి ముడేయడం, సన్నపళ్ల దువ్వెన పెట్టి లాగడం ఈ సమయంలోనే ఎక్కువ నష్టం చేస్తాయి.

మెత్తటి పాత నూలు బట్ట తీసుకుని, పాయలు పాయలుగా పట్టుకుని ఒత్తండి. రుద్దకండి. తలకు చుట్టుకోవాలనుకుంటే పది నిమిషాలు చాలు. తర్వాత విప్పి ఆరనివ్వండి.

డ్రయ్యర్ అంటే చాలామందికి భయం. 2011లో కొరియాలో జరిగిన ఒక పరిశోధనలో తేలింది వినండి. 15 సెంటీమీటర్ల దూరం నుంచి, కదుపుతూ ఆరబెట్టిన వెంట్రుకల కన్నా గాలికి వదిలేసి ఎక్కువసేపు తడిగా ఉంచిన వెంట్రుకల లోపలి పొరే ఎక్కువ దెబ్బతింది. పైపొరకు మాత్రం వేడి ముట్టనివే మేలుగా ఉన్నాయి. కాబట్టి మధ్యేమార్గం మంచిది. ముప్పాతిక వంతు గాలికి ఆరనిచ్చి, మిగతాది జానెడు దూరం నుంచి, తక్కువ వేడితో, ఒకచోట ఆపకుండా ఆరబెట్టండి. గాలి కుదురు నుంచి కొస వైపు వీచాలి. ఎదురు వీస్తే పొలుసులు లేస్తాయి.

చిక్కు తీయడం

తిన్నని జుట్టువాళ్లు కాస్త ఆరాక తీయాలి. రింగుల జుట్టువాళ్లు తడిగా, కండిషనర్ జారుడు ఉన్నప్పుడే తీయాలి. రింగులు ఆరాక దువ్వితే తెగుతాయి, పైగా విచ్చిపోయి పొదలా లేస్తాయి.

ఎవరైనా సరే, మొదలుపెట్టేది కొసల దగ్గర. కింది నాలుగైదు సెంటీమీటర్ల చిక్కు విడిపోయాక ఒక మెట్టు పైకి జరగండి. అలా చివరికి కుదుళ్ల దాకా వెళ్లాలి. పైనుంచి ఒక్కసారిగా లాగితే దారిలోని చిన్న ముడులన్నీ కిందికి చేరి ఒకే పెద్ద ముడి అవుతుంది. గట్టి ముడి తగిలితే దాని పైభాగాన్ని రెండో చేత్తో పట్టుకోండి, లాగుడు మాడు దాకా పోదు. తర్వాత దువ్వెన పక్కన పెట్టి, వేళ్లతో ముడిని అడ్డంగా విడదీయండి.

దువ్వెన సంగతీ చూడాలి. చవకగా అచ్చుపోసిన ప్లాస్టిక్ దువ్వెనల్లో పళ్ల మధ్య సన్నటి అంచు మిగిలిపోతుంది. పళ్ల సందుల్లోంచి నూలు దారం లాగి చూడండి. పట్టుకుంటే, రోజూ అదే అంచు జుట్టును గీస్తోందన్నమాట. పన్ను విరిగిన దువ్వెన పారేయాలి. వారానికోసారి వెంట్రుకలు తీసేసి, షాంపూ కలిపిన గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి పాత బ్రష్‌తో రుద్దండి. చెక్క దువ్వెనలను నానబెట్టకూడదు, తడిబట్టతో తుడిస్తే చాలు. ఇంట్లో ఎవరిది వాళ్లకు ఉండాలి, పేలు వ్యాపించే దారుల్లో దువ్వెన ఒకటి.

రోజుకు వందసార్లు దువ్వితే జుట్టు పెరుగుతుందనేది ఉత్త మాట. ప్రతి దువ్వుకీ పైపొర కొంత అరుగుతుంది. చిక్కు పోయి, పాపిడి సరిగ్గా కుదిరితే ఆపేయండి.

నూనె

నూనె జుట్టును పెంచదు. వెంట్రుకను కాపాడగలదు, అదీ ఏ నూనె అన్నదాన్ని బట్టి. కొబ్బరి నూనెలోని లారిక్ ఆమ్లపు అణువు చిన్నది, తిన్ననిది కాబట్టి వెంట్రుక లోపలికి దిగుతుంది. 2003లో వచ్చిన ఒక పరిశోధన పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్‌లతో పోల్చి చూసి, వెంట్రుకలోంచి ప్రోటీన్ కారిపోవడాన్ని తగ్గించింది కొబ్బరి నూనె ఒక్కటేనని చూపింది. మినరల్ ఆయిల్ పైనే ఉండిపోతుంది. నునుపుకు, రాపిడి తగ్గడానికి అది పనికొస్తుంది.

తలస్నానానికి అరగంట ముందు, లేదా ముందురోజు రాత్రి, ఒకటి రెండు టీస్పూన్లు చాలు. చెవుల కింది నుంచి కొసల దాకా రాయండి. నూనె ఓడుతుండేలా పెడితే దాన్ని వదిలించడానికి రెండు మూడుసార్లు షాంపూ పెట్టాలి, అప్పుడు పెట్టిన లాభమంతా పోతుంది. మాడు పొడిగా, చుండ్రు లేకుండా ఉంటే కాస్త మాడుకూ రాయొచ్చు. నూనె పెట్టాక మర్దనా మెల్లగా చేయండి, గట్టిగా రుద్దితే ఊడడానికి సిద్ధంగా ఉన్నవి అప్పుడే ఊడొస్తాయి.

చుండ్రు ఉంటే నూనె ఆపండి

చుండ్రు వెనక మలసీజియా అనే ఈస్ట్ ఉంటుంది. అందరి మాడు మీదా ఉండేదే. జిడ్డులోని కొవ్వే దాని ఆహారం. అలాంటి మాడుకు నూనె రాస్తే పొట్టు తాత్కాలికంగా అణిగినట్టు కనిపించి, లోపల దానికి మేత దొరుకుతుంది.

కీటోకోనజోల్, జింక్ పైరిథియోన్, సెలీనియం సల్ఫైడ్, వీటిలో ఏదో ఒకటి ఉన్న షాంపూ ఎంచుకోండి. వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు వాడాలి. జనం తప్పేది ఒక్కచోటే. పెట్టిన అరనిమిషానికే కడిగేస్తారు. మందు మాడు మీద మూడు నుంచి ఐదు నిమిషాలు ఉండాలి. నురగ జుట్టుకు కాదు, పాయలు విడదీసి చర్మానికి అంటాలి. తగ్గాక కూడా వారానికో రెండు వారాలకో ఒకసారి కొనసాగించండి, పూర్తిగా మానేస్తే తిరగబెట్టడం దాని లక్షణం. నెల వాడినా తగ్గకపోతే, లేదా మాడు ఎర్రబడి దళసరి పొలుసులు కడితే అది సోరియాసిస్ లాంటి వేరే జబ్బు కావచ్చు, చర్మవైద్యుడు చూడాలి.

ఇస్త్రీ యంత్రాలు, రంగులు

స్ట్రెయిట్‌నర్ తడి జుట్టుకు తగలకూడదు. లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు కడుతుంది, అక్కడే పుటుక్కున విరుగుతుంది. ‘సుయ్’ మన్న చప్పుడు వినిపిస్తే జుట్టు ఇంకా ఆరలేదని అర్థం, వెంటనే తీసేయండి. సన్నటి జుట్టుకు 150 డిగ్రీల సెల్సియస్, మామూలు జుట్టుకు 180 దాటనివ్వకండి. వేడి నుంచి కాపాడే స్ప్రే కొట్టి, ఆరాక, పలచటి పాయ తీసుకుని ఒక్కసారి మాత్రమే జార్చండి. లావుపాటి పాయ తీసుకుంటే మధ్యలోవి వేడెక్కవు, అందుకని అదే పాయ మీద నాలుగుసార్లు తిప్పుతారు. కాలిపోయేది అప్పుడే.

రంగు విషయంలో ఒక్క నియమం దాటకూడదు. ప్రతిసారీ, పాత బ్రాండే అయినా, 48 గంటల ముందు మోచేతి మడతలోనో చెవి వెనకో కొంచెం పూసి చూడాలి. ముదురు రంగుల్లో ఉండే పీపీడీ (పారా-ఫినిలీన్‌డయమిన్) పదార్థానికి ఎలర్జీ ఎన్నేళ్లు వాడిన తర్వాతైనా మొదలవ్వొచ్చు. ‘సహజం’ అని రాసున్న నల్ల రంగుల్లోనూ అది ఉండొచ్చు, వెనక ముద్రించిన పదార్థాల జాబితా చదవండి. రెండోసారి నుంచి కొత్తగా పెరిగిన కుదుళ్లకే వేయండి, పాత పొడవంతా మళ్లీ ముంచకండి.

కట్టుకోవడం, పడుకోవడం

జడ వేశాక కనుబొమలు పైకి లాగినట్టున్నా, సాయంత్రానికి విప్పితే మాడు హాయిగా అనిపించినా అది బిగుతు ఎక్కువైందన్న గుర్తు. కణతల దగ్గర పొట్టి నూగు, నుదుటి అంచున చిన్న కురుపులు తర్వాత వస్తాయి. ఈ దశలో వదులు చేస్తే జుట్టు తిరిగొస్తుంది. ఏళ్లు గడిస్తే కుదుళ్లు మచ్చకట్టి ఇక మొలవవు. పాపిడి చోటు, ముడి ఎత్తు మారుస్తూ ఉండండి. సన్నటి రబ్బరు బ్యాండ్ల బదులు బట్ట చుట్టినవి వాడండి. రాత్రికి వదులుగా ఒక జడ చాలు. దిండు గలీబు సాటిన్‌దైతే రాపిడి తక్కువ, ఏదైనా సరే వారానికోసారి ఉతకాలి.

కత్తిరింపు

కత్తిరిస్తే కుదురు వేగం పెరగదు. చిట్లిన కొస పైకి పాకకుండా ఆగుతుంది, అంతే. పెంచుకునేవాళ్లు మూడు నెలలకు ఒక సెంటీమీటరు తీసినా రెండు సెంటీమీటర్లు మిగులుతుంది. మధ్యలో ఇంట్లో చేసుకోవాలంటే ఒక సన్నటి పాయను మెలితిప్పండి. చిట్లినవి పక్కలకు పొడుచుకొస్తాయి. చీలిక మొదలైన చోటికి అర సెంటీమీటరు పైన కత్తిరించండి. జుట్టు కోసం చేసిన పదునైన కత్తెరే వాడాలి. కాగితాల కత్తెర వెంట్రుకను నలుపుతుంది, నలిగిన చోట కొత్తగా చిట్లుతుంది. సీరం పెడితే చీలిక అతుక్కున్నట్టు కనిపించేది తర్వాతి స్నానం దాకానే.

పొట్టి జుట్టు తీరుగా కనిపించాలంటే నాలుగు నుంచి ఆరు వారాలకోసారి కత్తిరింపు కావాలి. ముందు చెదిరేవి మెడ, చెవుల అంచులు. మధ్యలో వాటిని సరిచేసుకుంటే ఇంకో రెండు వారాలు గడుస్తుంది. హెల్మెట్ పెట్టుకునేవాళ్లు పలచటి నూలు బట్ట కట్టుకుని, దాన్ని రోజూ మార్చండి. ఈతకు వెళ్లేముందు మంచినీళ్లతో తల తడపండి, అప్పటికే తడిసిన వెంట్రుక క్లోరిన్ నీటిని తక్కువ పీలుస్తుంది. పలచబడిన నెత్తికి ఎండలో ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్‌గానీ టోపీగానీ ఉండాలి.

రాలడం ఆగకపోతే

గట్టి జ్వరం, ప్రసవం, ఆపరేషన్, తిండి బాగా తగ్గించి బరువు దిగడం, వీటి తర్వాత రెండు మూడు నెలలకు జుట్టు కుప్పలుగా ఊడుతుంది. వెంట్రుకలు ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి వెళ్లి, ఆ దశ ముగిశాక కలిసి ఊడతాయి. అప్పటికి అసలు కారణం మరిచిపోయి, ఆ వారం మార్చిన షాంపూను తిడతారు. సాధారణంగా ఆరు నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది.

బయోటిన్ (ఒక బి విటమిన్) మాత్రలు సొంతంగా మొదలుపెట్టకండి. లోపం లేనివాళ్లకు ఉపయోగం ఉందన్న గట్టి ఆధారం లేదు. పైగా ఎక్కువ మోతాదు రక్తపరీక్షల ఫలితాలను తారుమారు చేయగలదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. థైరాయిడ్ పరీక్షలూ వాటిలో ఉంటాయి. జుట్టు రాలితే ముందు రాసేవి ఐరన్, థైరాయిడ్ పరీక్షలే కాబట్టి, మాత్రలు వేసుకుంటుంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

గుండ్రటి మచ్చలుగా ఊడడం, పాపిడి నెలనెలా వెడల్పవడం, మాడు మీద నొప్పి, చీము, నున్నటి మచ్చలు, ఆరు నెలలు దాటినా తగ్గని రాలుడు, వీటిలో ఏదున్నా ఆలస్యం చేయకుండా చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు మూడు పట్టుకెళ్లండి: రాలడం ఎప్పుడు మొదలైంది, దానికి ముందు మూడు నెలల్లో వచ్చిన జబ్బులు, వాడిన మందుల పట్టీ; వాడుతున్న షాంపూ, నూనె, రంగుల ఫొటోలు; ఒకే చోట, ఒకే వెలుతురులో నెలకొకటి చొప్పున తీసిన పాపిడి ఫొటోలు.